స్లాబ్ మూయకముందే: బేస్‌మెంట్ ఎజెక్టర్ పంప్ బిగించే పద్ధతి (ప్రసంగ పాఠం)

నమస్కారం అండి. బేస్‌మెంట్‌లో బాత్‌రూమ్ కట్టించుకోబోతున్నవాళ్లు, కట్టించుకుని వాసనతోనో పంప్ చప్పుడుతోనో అవస్థ పడుతున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. టైల్స్ రంగు, షవర్ కంపెనీ తర్వాతైనా మార్చుకోవచ్చు. స్లాబ్ కింద, అంటే బేస్‌మెంట్ నేల కాంక్రీటు కింద, పెట్టేది మాత్రం మళ్లీ పగలగొడితే తప్ప మారదు. అందుకని ఈ పూట స్లాబ్ కింద ఏం పెట్టాలి, ఎంత లోతున పెట్టాలి, ఎందుకలా అన్నదాని మీదే ఎక్కువసేపు ఉంటాను. ఎజెక్టర్ పంప్ అంటే బేస్‌మెంట్ మురుగును గొయ్యిలోంచి పైకి ఎత్తే పంప్. దాన్ని కొనడం ఇందులో చిన్న పని. గొయ్యి, పైపుల వాటం, గాలి గొట్టం, నీటి మట్టాన్ని బట్టి పంప్‌ను నడిపి ఆపే ఫ్లోట్ కుదిరితే మామూలు పంప్ కూడా ఏళ్ల తరబడి నడుస్తుంది. అవి కుదరకపోతే ఎంత ఖరీదైన పంప్ తెచ్చినా మురుగు వెనక్కి తన్ని షవర్‌లోకి వస్తుంది.

ముందుగా, మీ ఇంటికి పంప్ అవసరమా కాదా చూసుకోండి. బేస్‌మెంట్‌లో నిలబడి పైఅంతస్తుల నుంచి దిగే పెద్ద మురుగు పైపు ఎటు పోతోందో చూడండి. అది నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తున గోడ వెంబడి సాగి గోడలోంచి బయటికి పోతుంటే, బేస్‌మెంట్ టాయిలెట్ దానికన్నా కిందే ఉంటుంది. నీళ్లు ఎత్తుకు పారవు కాబట్టి గొయ్యి తీసి, మురుగు అందులోకి దింపి, పంప్‌తో పైకి ఎత్తాలి. ఆ పైపు స్లాబ్‌లోకి దిగిపోతుంటే మాత్రం తొందరపడకండి. ప్లంబర్ చేత కెమెరా వేయించి లోతు కొలిపించండి. తగినంత లోతుంటే పంప్ లేకుండానే మురుగు పారుతుంది. కరెంటు అక్కర్లేని దారి ఉండగా పంప్ పెట్టుకోవడం తెలివైన పని కాదు. పైఅంతస్తుల టాయిలెట్లను, సింకులను కూడా ఎప్పుడూ ఈ గొయ్యికి కలపకండి. వాటంతట అవే పారే నీళ్లను గొయ్యిలోకి దింపి మళ్లీ ఎత్తడం పంప్ మీద అనవసరపు భారం. పైగా పంప్ చెడిన రోజు ఇల్లంతా ఆగిపోతుంది.

చాలామంది కలగాపులగం చేసే సంగతి ఇంకొకటుంది. చాలా బేస్‌మెంట్లలో ఒక మూల సంప్ పంప్ గొయ్యి ఉంటుంది. అది పునాది చుట్టూ ఊరే నేల నీళ్లకు. దాని బేసిన్‌కు, అంటే గొయ్యిలో దించే తొట్టికి, చిల్లులుంటాయి, మూత వదులుగా ఉంటుంది, నీళ్లు ఇంటి బయట నేల మీదికో వాన కాలువలోకో పోతాయి. మనం మాట్లాడుకునే ఎజెక్టర్ గొయ్యికి చిల్లులుండవు, మూత గాలి చొరకుండా బిగుస్తుంది, మూతలోంచి రెండు పైపులు పైకి వస్తాయి. టాయిలెట్‌ను సంప్ గొయ్యికి కలిపితే మురుగు నేలలోకి, బయటికి పోతుంది. నేల నీళ్లను ఎజెక్టర్ గొయ్యికి కలిపితే వానాకాలం పంప్‌కు విశ్రాంతి ఉండదు. పైగా వాన నీళ్లను మురుగు లైనులోకి వదలడానికి చాలా ఊళ్లు ఒప్పుకోవు. రెండూ విడివిడిగానే ఉండాలి.

నేను చెప్పే అంకెలు ఎక్కువగా ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్‌వి. ఇక్కడ అమెరికాలో వర్జీనియా, ఒహాయో లాంటి చోట్ల దాని ఆధారంగానే నిబంధనలుంటాయి. న్యూజెర్సీ నేషనల్ స్టాండర్డ్ ప్లంబింగ్ కోడ్ వాడుతుంది, ఇల్లినాయ్‌కి సొంత కోడ్ ఉంది, కాలిఫోర్నియాది యూనిఫామ్ ప్లంబింగ్ కోడ్ బాట. సూత్రాలు ఒకటే, అంకెలు అక్కడక్కడా మారతాయి. మీ ఊరి బిల్డింగ్ ఆఫీసులో పర్మిట్ తీసుకుంటే మీకు ఏది వర్తిస్తుందో వాళ్లే చెబుతారు. పర్మిట్ ఖర్చు అనుకుని మానేయకండి. స్లాబ్ మూయకముందు బయటి మనిషి కన్ను పడేది ఆ ఇన్‌స్పెక్షన్‌లోనే.

సరే, గొయ్యికి వద్దాం. కోడ్ అడిగే కనీసం 18 ఇంచీల వ్యాసం, 24 ఇంచీల లోతు. ఇళ్లకు నేను 18 ఇంచీల వెడల్పు, 30 ఇంచీల లోతున్న బేసిన్ తీసుకోమంటాను. 24 ఇంచీల వెడల్పుదైతే ఇంకా మంచిది, ఫ్లోట్ ఆడడానికి చోటుంటుంది. కొత్త ఇళ్లలో బిల్డరే బేసిన్ పాతి, మూత వేసి వదిలేసి ఉండొచ్చు. అలా ఉంటే మూత తీసి టార్చ్ వేసి చూడండి. లోపలికి పైపు వచ్చిందా, లోతెంత, కట్టుబడి చెత్త ఏమైనా పడి ఉందా అని. సిమెంటు పెళ్లలు, మేకులు తీయకుండా పంప్ దించితే మొదటి వారంలోనే ఇంపెల్లర్‌లో, అంటే నీళ్లను తోసే చక్రంలో, ఇరుక్కుంటాయి.

గొయ్యి లేకపోతే తవ్వాలి. తవ్వేముందు కాగితం మీద ఒక లెక్క వేయాలి. ఈ లెక్క తప్పితే తర్వాత దిద్దుకునే దారి ఉండదు. టాయిలెట్ నుంచి గొయ్యి దాకా పైపుకు అడుగుకు 1/4 ఇంచి వాటం పెట్టండి. 3 ఇంచీల పైపుకు 1/8 ఇంచి కూడా చాలని కోడ్ ఒప్పుకుంటుంది కానీ, చోటున్నప్పుడు 1/4 వదులుకోకండి. టాయిలెట్ 20 అడుగుల దూరంలో ఉందనుకోండి, 5 ఇంచీలు దిగాలి. 30 అడుగులైతే 7న్నర ఇంచీలు. దీనికి స్లాబ్ మందం 4 ఇంచీలు, టాయిలెట్ కింద వంపు తిరిగే చోటు, పైపు మందం కలపండి. రెడీమేడ్ బేసిన్‌కు లోపలి పైపు కలిసే రంధ్రం పై అంచు నుంచి ఇంత కింద అని ముందే ఖాయమై ఉంటుంది. మీ లెక్క ఆ ఎత్తును దాటి కిందికి పోతే, లోతైన బేసిన్ తెచ్చుకోవాలి, లేదా గొయ్యిని టాయిలెట్ దగ్గరికి జరపాలి. వాటం చంపేసి సర్దుకుందాం అనుకుంటే నీళ్లు పోయి గట్టిది మిగిలిపోతుంది, ఆ పైపు నెలకోసారి అడ్డుపడుతుంది.

గొయ్యి ఎక్కడ పెట్టాలి? పునాది పాదానికి దూరంగా. పాదం అంచు నుంచి 45 డిగ్రీల ఏటవాలు గీత గీసి, ఆ గీత కిందికి తవ్వకం రాకుండా చూడండి. రాక తప్పదంటే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను అడగకుండా కదలొద్దు. మంచం కిందికి, అలమర వెనక్కి, టైల్ కిందికి గొయ్యి రాకూడదు. మూత మీద ఏమీ పెట్టకుండా, పంప్‌ను నిట్టనిలువుగా పైకి లాగేంత ఎత్తు ఖాళీ ఉండాలి. వాటర్ హీటర్ గదో, బట్టలుతికే గదో సరిగ్గా సరిపోతుంది.

స్లాబ్ కోసేటప్పుడు తడి కోత కోయించండి. పొడి కోతలో లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు శాశ్వతంగా చేటు చేస్తుంది. బేస్‌మెంట్‌లో పెట్రోలు రంపం అసలే వద్దు, కార్బన్ మోనాక్సైడ్ నిండిపోతుంది. గొయ్యి చుట్టూ బేసిన్ కన్నా ఆరేసి ఇంచీలు ఎక్కువ వెడల్పు, అడుగున 3, 4 ఇంచీల కంకర పరుపుకు సరిపడా ఎక్కువ లోతు తవ్వండి. కంకర దిమ్మిస కొట్టి, మట్టం చూసి, బేసిన్ దించి, అంచు పూర్తయిన నేలకు సమానంగా వస్తుందో లేదో కొలవండి.

ఇక్కడ ఎక్కువమంది మర్చిపోయేది నీటి ఒత్తిడి. నేల నీటి మట్టం పైకొస్తే ఖాళీ బేసిన్ తేలుతుంది. 18 ఇంచీల వెడల్పు, 30 ఇంచీల లోతు బేసిన్ పక్కకు నెట్టే నీళ్లు సుమారు 33 గ్యాలన్లు. అంటే పైకి తోసే బలం 275 పౌండ్లు. ప్లాస్టిక్ బేసిన్ దానికి ఆగదు. కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు, లేదా చుట్టూ మట్టి నింపేటప్పుడు లేచిందంటే లోపలికొచ్చే పైపు అతుకు విరుగుతుంది, వాటం తిరగబడుతుంది. అందుకే పక్కలు నింపేటప్పుడు బేసిన్‌లో నీళ్లు పోసి ఉంచండి. బేసిన్ అంచును పట్టి ఉంచేలా స్లాబ్ కాంక్రీటును దాని చుట్టూ పోయండి. పక్కల్లో తవ్విన మట్టి పెళ్లలు, స్లాబ్ ముక్కలు వేయొద్దు. గుండ్రటి చిన్న కంకర వేస్తే గోడ నొక్కుకుపోకుండా సమంగా పట్టుకుంటుంది.

లోపలి పైపుల్లో టాయిలెట్‌కు 3 ఇంచీలు, షవర్‌కు 2 ఇంచీలు. వాష్‌బేసిన్‌కు కూడా స్లాబ్ కింద 2 ఇంచీలే వేయించండి, రేపు పైపు శుభ్రం చేయాల్సి వస్తే ఉపయోగపడుతుంది. మలుపుల్లో పొడవు వంపుల ఫిట్టింగులు వాడాలి. స్లాబ్ మూసేముందు పైపులన్నింటికీ బిరడాలు కొట్టి 10 అడుగుల ఎత్తు నీళ్లు నింపి, 15 నిమిషాలు మట్టం పడిపోకుండా నిలిచిందా చూడాలి. ఇన్‌స్పెక్టర్ అడిగేది ఇదే. ఆయన సంతకం అయ్యాకే కాంక్రీటు.

ఇప్పుడు పంప్. టాయిలెట్ కలిసే గొయ్యిలో పెట్టే పంప్ 2 ఇంచీల వ్యాసమున్న గుండును అడ్డుపడకుండా పంపగలగాలి అని కోడ్ అడుగుతుంది. డబ్బా మీద రాసి ఉంటుంది, చూసి తీసుకోండి. 1 ఇంచి, 3/4 ఇంచి అని రాసినవి వాష్‌బేసిన్, వాషింగ్ మెషీన్ నీళ్లకు. తక్కువ ధరకు వచ్చిందని అది తెచ్చి టాయిలెట్ గొయ్యిలో దించకండి. ఇళ్లకు 4/10 లేదా 1/2 హార్స్‌పవర్ పంప్ సాధారణంగా చాలు. జోలర్, లిబర్టీ లాంటివి ఈ దేశంలో ప్లంబర్లు ఎక్కువగా వాడే పేర్లు. కంపెనీ కన్నా ముఖ్యం, ఆ పంప్‌తో వచ్చే వక్రరేఖ. ఎంత ఎత్తుకు నిమిషానికి ఎన్ని గ్యాలన్లు తోస్తుందో చెప్పే పటం అది.

ఆ పటం చదవడానికి మన లెక్క మనకు ఉండాలి. పంప్ ఆగే నీటి మట్టం నుంచి పైపు ఎక్కే అత్యంత ఎత్తైన చోటు దాకా కొలవండి. 10 అడుగులు అనుకుందాం. పైపు మొత్తం పొడవు 40 అడుగులు, మూడు వంపులకు 17 అడుగులు, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్‌కు ఇంకో 17 అడుగుల పైపుతో సమానం అని కలుపుకుంటే 74 అడుగులు. 2 ఇంచీల పి.వి.సి. పైపులో నిమిషానికి 30 గ్యాలన్లు పారేటప్పుడు రాపిడి నష్టం 100 అడుగులకు సుమారు 1.6 అడుగులు. మన 74 అడుగులకు 1.2 అడుగులు. మొత్తం 11.2, కాస్త ఊపిరి కోసం 12 అడుగులు అనుకోండి. పటంలో 12 అడుగుల దగ్గర పంప్ 30కి తగ్గకుండా ఇస్తోందా చూడండి. ఇస్తే చాలు. దీనికన్నా చాలా పెద్ద పంప్ తెస్తే గొయ్యి క్షణాల్లో ఖాళీ అయి, మోటారు మాటిమాటికీ మొదలై ఆగుతుంది. మోటారు ఎక్కువ వేడెక్కేది మొదలయ్యే క్షణంలోనే.

కనీసం ఎంత ఉండాలి అంటే, 2 ఇంచీల పైపుకు నిమిషానికి 21 గ్యాలన్లు, 3 ఇంచీల పైపుకు 46. ఆ పైపుల్లో ఈ ప్రవాహం ఉంటే నీటి వేగం సెకనుకు 2 అడుగులు అవుతుంది. అంతకన్నా నెమ్మదిస్తే గట్టి పదార్థం పైపు అడుగున కూర్చుంటుంది. అందుకే, పెద్ద పైపు వేస్తే మంచిదనుకుని 1/2 హార్స్‌పవర్ పంప్‌కు 3 ఇంచీల పైపు తగిలించకండి. వేగం చచ్చి పైపు పూడుకుపోతుంది. 1 1/4 ఇంచీకి తగ్గించడమూ తప్పే, గ్రైండర్ పంప్‌కు తప్ప.

ముందు వరుసలోంచి ప్రశ్న వచ్చింది, గ్రైండర్ పంప్ పెడితే అన్నీ నూరేసి పంపుతుంది కదా, అదే మంచిది కదా అని. కాదండి. గ్రైండర్ పంప్ చాలా దూరం, చాలా ఎత్తు, ఒత్తిడి లైనులోకి పంపడానికి పుట్టింది. ఇంట్లోనే పది పన్నెండు అడుగులు ఎత్తి మామూలు మురుగు పైపులో వదలడానికి అది అనవసరం, ధర కూడా చాలా ఎక్కువ. ఇంటికి సెప్టిక్ ట్యాంక్ ఉంటే ఇంకా ఇబ్బంది. మెత్తగా నూరిన పదార్థం ట్యాంకులో కిందికి దిగకుండా తేలుతూ పోయి, ట్యాంకు నీళ్లను నేలలోకి ఇంకించే పైపుల్ని పూడుస్తుంది.

బయటికి పోయే పైపు వరస చెబుతాను. పంప్ నోటికి 2 ఇంచీల మేల్ అడాప్టర్, అక్కడి నుంచి షెడ్యూల్ 40 పి.వి.సి. పైపు. పంప్ పైన, మూత కింద, చెక్ వాల్వ్ కన్నా దిగువన పైపుకు 3/16 ఇంచి చిల్లు ఒకటి వేయాలి. కొన్ని పంపులకు కంపెనీయే బాడీలో చిల్లు వేసి ఇస్తుంది, కాగితం చదవండి. పంప్ లోపల గాలి బుడగ ఇరుక్కుంటే మోటారు తిరుగుతుంది గానీ చుక్క పైకి రాదు. ఆ గాలి తప్పించుకునే దారి ఈ చిల్లే. కింది వైపుకు ఏటవాలుగా వేయండి, లేకపోతే ప్రతిసారీ మురుగు మూత అడుగుకు చిమ్ముతుంది. పంప్ తిరిగేటప్పుడు ఆ చిల్లులోంచి నీళ్లు కారడం మామూలే, లీకు అనుకుని ఎవరైనా జిగురు పెట్టి మూసేయకుండా ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

మూత పైన చెక్ వాల్వ్, దాని తర్వాత పూర్తిగా తెరుచుకునే బాల్ వాల్వ్ లేదా గేట్ వాల్వ్. వరస తిరగేయకూడదు. చెక్ వాల్వ్ రిపేరు చేయాలంటే పైనున్న మురుగును ఆపేది ఆ వాల్వే. చెక్ వాల్వ్ మీద బాణం పంప్ నుంచి దూరంగా చూపాలి. మురుగు కోసం చేసినదే కొనండి, స్ప్రింగు ఉన్న నీళ్ల వాల్వుల్లో జుట్టు, కాగితం చుట్టుకుంటాయి. నిలువుగా పెట్టాలా అడ్డంగా పెట్టాలా అన్నది దాని కాగితం చెప్పినట్టే చేయండి. నిలువు పైపులో ఆగిన నీళ్లలోని గట్టిది దిగి పలక మీద కూర్చుంటుందని కొన్ని కంపెనీలు నిలువు బిగింపు వద్దంటాయి. రెండు వైపులా రబ్బరు కప్లింగ్, స్టీలు క్లాంపులు ఉన్న రకం తీసుకుంటే రేపు విప్పడం తేలిక, పంప్ ఆగినప్పుడు ధన్‌మనే చప్పుడు కూడా తగ్గుతుంది. ఆ చప్పుడు ఎక్కువగా పైపు కట్టెలకు గట్టిగా ఆనినచోట నుంచి వస్తుంది. క్లాంపుల కింద రబ్బరు వేసి, పడకగది గోడ లోపలినుంచి పైపు పోనివ్వకండి.

చెక్ వాల్వ్ లేకపోతే ఏమవుతుంది? 2 ఇంచీల పైపులో అడుగుకు 0.17 గ్యాలన్ నీళ్లు పడతాయి. పది అడుగుల నిలువు పైపులోని 1.7 గ్యాలన్లు ప్రతిసారీ వెనక్కి గొయ్యిలో పడతాయి. అవే నీళ్లను పంప్ రోజంతా ఎత్తుతూ ఉంటుంది.

పైన మురుగు పైపులో కలిపే చోటు కూడా జాగ్రత్త. వై ఫిట్టింగ్‌తో, అడ్డంగా పోయే పైపుకు పైభాగం నుంచి కలపాలి. నిలువు పైపు అడుగు నుంచి, ఇతర సింకుల డ్రెయిన్ల నుంచి కనీసం పైపు వ్యాసానికి 10 రెట్ల దూరం ఉండాలని కోడ్ చెబుతుంది. పంప్ ఒక్కసారిగా తోసే నీళ్లు దగ్గర్లో కలిస్తే పక్క ట్రాపుల్లోంచి, అంటే డ్రెయిన్ కింద నీళ్లు నిలిచే వంపుల్లోంచి, గుడగుడమని పైకి తన్నుతాయి.

గాలి గొట్టం, అంటే వెంట్, గురించి కాస్త ఎక్కువసేపు చెప్పనివ్వండి. నాకు కనిపించే వాసన ఫిర్యాదుల్లో ఎక్కువ దీని దగ్గరే మొదలవుతాయి. మూతలో రెండో రంధ్రం దీనికే. నూనె డబ్బాకు ఒకటే చిల్లు పెట్టి వంపితే నూనె గుటగుటలాడుతూ ఆగి ఆగి పడుతుంది కదా, రెండో చిల్లు పెడితేనే ధారగా వస్తుంది. గొయ్యి కూడా అంతే. టాయిలెట్ నీళ్లు లోపలికి రావాలంటే లోపలి గాలి బయటికి పోవాలి. పంప్ నీళ్లు ఎత్తేటప్పుడు గాలి లోపలికి రావాలి. దారి లేకపోతే షవర్ ట్రాపులోని నీళ్లను పీల్చేసుకుంటుంది. ఆ నీళ్లు పోతే గొయ్యిలోని హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ గదిలోకి వస్తాయి.

ఇళ్లకు 2 ఇంచీల వెంట్ వేయించండి. దాని వాటం గొయ్యి వైపే ఉండాలి, లోపల పేరుకున్న తేమ వెనక్కి కారిపోయేలా. ఇంటి ప్రధాన వెంట్‌కు కలపాలంటే పైన ఉన్న అన్ని సింకులూ టాయిలెట్లూ పొంగే మట్టం కన్నా కనీసం 6 ఇంచీల పైన కలపాలి, లేదా విడిగా కప్పు దాటించాలి. మురుగు దిగే నిలువు పైపుకు కింద కలపడం వెంట్ కాదు. నేలలోంచి వచ్చే రేడాన్ వాయువును బయటికి పంపే గొట్టానికి, డ్రయర్ గొట్టానికి అసలు కాదు. సింకుల కింద పెట్టే ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ ఒకటి మూత మీద పెట్టి వెళ్లిపోయే కాంట్రాక్టర్లు ఉన్నారు. అది గాలిని లోపలికి మాత్రమే వదులుతుంది, బయటికి పోనివ్వదు. గొయ్యికి గాలి రెండు వైపులా పోవాలి. ఇంజినీర్ ప్రత్యేకంగా డిజైన్ చేస్తే తప్ప గొయ్యికి అది పెట్టకూడదని ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్‌లో స్పష్టంగా ఉంది. గొయ్యికి వెంట్ పెట్టినంత మాత్రాన టాయిలెట్, షవర్ల సొంత వెంట్లు మానేయకూడదు.

ఫ్లోట్‌కు వద్దాం. పంప్ ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ఆగాలి అన్నది ఇది నిర్ణయిస్తుంది. లోపలికొచ్చే పైపు అడుగు, బేసిన్ అడుగు నుంచి 17 ఇంచీల ఎత్తున ఉందనుకోండి. నీళ్లు ఎప్పుడూ ఆ పైపుకు 2 ఇంచీల కిందే ఉండాలి, కాబట్టి పంప్ 15 ఇంచీల లోపే మొదలవ్వాలి. 7 దగ్గర ఆగేలా పెడితే తేడా 8 ఇంచీలు. 18 ఇంచీల బేసిన్‌లో ఇంచికి 1.1 గ్యాలన్, అంటే ఒక్కో విడతకు దాదాపు 9 గ్యాలన్లు. 1.28 గ్యాలన్ల టాయిలెట్ ఏడుసార్లు ఫ్లష్ చేస్తే ఒకసారి పంప్ తిరుగుతుంది. ప్రతి ఫ్లష్‌కూ పంప్ తిరగడం మంచి గుర్తు కాదు, ఆ తేడా తక్కువైందని అర్థం. ఆగే మట్టం పంప్ కంపెనీ చెప్పిన కనిష్ఠం కన్నా కిందికి పోకూడదు, పంప్ గాలి మింగుతుంది.

ఫ్లోట్ చెడిపోవడం కన్నా చిక్కుకోవడమే ఎక్కువ. తాడులా వేలాడే ఫ్లోట్‌కు తిరగడానికి చోటు కావాలి. బేసిన్ గోడకు, పైపుకు, పంప్ కేబుల్‌కు తగలకూడదు. లోపలికొచ్చే నీటి ధార దాని మీద పడకుండా పంప్‌ను తిప్పి పెట్టండి. కేబుళ్లన్నీ పైపుకు టైలతో కట్టేయండి. వెడల్పు తక్కువైతే నిలువు కడ్డీ మీద ఆడే ఫ్లోట్ తీసుకోండి.

కరెంటుకు విడిగా ఒక సర్క్యూట్ కావాలి. ఈ పంపులు 10, 12 ఆంపియర్ల దాకా లాగుతాయి, ప్లేటు మీద అంకె చూసి 15 లేదా 20 ఆంపియర్లది వేయిస్తారు. ఎక్స్‌టెన్షన్ కార్డ్ వద్దు. ప్లగ్ పాయింట్ మూతకు పక్కన, పైన ఉండాలి. 2020 నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ నుంచి ఫినిష్ చేసిన బేస్‌మెంట్లకు కూడా జి.ఎఫ్.సి.ఐ. రక్షణ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఏర్పాటు, తప్పనిసరైంది, మీ రాష్ట్రం ఏ సంవత్సరపు కోడ్ పాటిస్తోందో ఎలక్ట్రీషియన్‌కు తెలుస్తుంది. జి.ఎఫ్.సి.ఐ. పడిపోతే పంప్ ఆగినట్టు ఎవరికీ తెలియదు. అందుకే గొయ్యిలో నీళ్లు మితిమీరితే మోగే హై వాటర్ అలారం. దాన్ని పంప్ ఉన్న సర్క్యూట్ మీదే పెడితే రెండూ ఒకేసారి చస్తాయి. వేరే సర్క్యూట్ మీద, బ్యాటరీ ఉన్నది పెట్టించండి.

మూత బిగించేముందు పరీక్ష. గొట్టంతో మంచినీళ్లు నింపండి. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, బేసిన్ గోడ మీద గీతలు గీయండి. మూడు నాలుగు విడతలు చూడండి. ఎన్ని సెకన్లు తిరిగిందో లెక్కపెట్టండి. 9 గ్యాలన్లకు 30 గ్యాలన్ల పంప్ 18 సెకన్లు తీసుకోవాలి. 40 సెకన్లు పడుతుంటే వాల్వ్ సగం మూసి ఉందో, ఎక్కడైనా అడ్డముందో చూడాలి. తర్వాత పంప్ ప్లగ్ తీసి నింపుతూ పోండి, అలారం మోగాలి. చివరగా టాయిలెట్ పేపర్‌తో కలిపి ఫ్లష్ చేసి చూడండి. అప్పుడు గ్యాస్కెట్ వేసి, బోల్టులన్నీ ఒకదాని ఎదురుగా ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. కేబుళ్లు పైకొచ్చే రబ్బరు గ్రామెట్ దగ్గరే ఎక్కువ వాసన తప్పించుకుంటుంది. అక్కడ ఒత్తిడిగా కూర్చుందా చూసుకోండి. మూతను శాశ్వతంగా అతికించేయకండి, విప్పాల్సిన రోజు వస్తుంది.

మన ఇళ్లకు సంబంధించి రెండు మాటలు. బేస్‌మెంట్‌లో రెండో వంటగది పెట్టి, ఆ సింకును కూడా ఈ గొయ్యికే కలుపుతున్నారు. తాలింపు నూనె, నెయ్యి, పెనం కడిగిన జిడ్డు గొయ్యిలో చల్లారి గడ్డకట్టి ఫ్లోట్‌కు అంటుకుంటుంది. ఫ్లోట్ బరువెక్కి లేవదు. అన్నం మెతుకులు, కరివేపాకు, పప్పు పొట్టు అడుగున ముద్దలవుతాయి. వంటగది తప్పదంటే నూనెను డబ్బాలో పోసి చెత్తలో వేయండి, సింకు కింద జిడ్డు పట్టే గ్రీజు ట్రాప్ పెట్టించండి, మూడు నెలలకోసారి గొయ్యి తెరిచి చూడండి. రెండోది, ఫ్లషబుల్ అని రాసినా సరే వైప్స్ వేయొద్దు. శానిటరీ ప్యాడ్లు, దంతాల దారం, జుట్టు ఇంపెల్లర్ చుట్టూ తాడులా పేనుకుంటాయి. ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పి, బాత్‌రూమ్‌లో మూతున్న చెత్తబుట్ట పెట్టండి.

కరెంటు పోతే? మునిసిపల్ నీళ్లు వస్తూనే ఉంటాయి, ఫ్లష్ అవుతూనే ఉంటుంది, పంప్ మాత్రం తిరగదు. ఆన్ మట్టానికి పైన గొయ్యిలో మిగిలేది కొద్ది గ్యాలన్లే. అందుకే కరెంటు లేనప్పుడు బేస్‌మెంట్ బాత్‌రూమ్ వాడకూడదు. జనరేటర్ ఉంటే పంప్ సర్క్యూట్‌ను దానికి కలిపించండి.

వెనక నుంచి అడుగుతున్నారు, పంప్ ఆగకుండా తిరుగుతుంటే ఏం చేయాలని. ముందు ప్లగ్ తీసేయండి, ఖాళీగా తిరిగితే మోటారు కాలుతుంది. తర్వాత వరసగా చూడండి. ఫ్లోట్ పైన ఇరుక్కుందా, పైనున్న వాల్వ్ ఎవరైనా మూసేశారా, గాలి చిల్లు పూడిందా, చెక్ వాల్వ్‌లో ఏదైనా అడ్డుపడి మూసుకోవడం లేదా. హమ్ అంటూ కదలకపోతే ఇంపెల్లర్ ఇరుక్కుంది. మాటిమాటికీ జి.ఎఫ్.సి.ఐ. పడిపోతుంటే పంప్ సీలులోకి నీళ్లు వెళ్లి ఉండొచ్చు. షవర్ డ్రెయిన్‌లో మురుగు కనిపిస్తే గొయ్యి నిండిందని గుర్తు. బేస్‌మెంట్‌లో అన్నింటికన్నా తక్కువ ఎత్తున నోరు తెరిచి ఉండేది అదే.

పంప్ తీసేటప్పుడు ప్లగ్ తీసి, పైవాల్వ్ మూసి, కప్లింగ్ విప్పండి. రెండింటి మధ్య పైపులో ఆగిన మురుగు పడుతుంది, కింద బకెట్ పెట్టండి. పంప్‌ను హ్యాండిల్‌కు కట్టిన తాడుతో లేపండి, కేబుల్ పట్టుకుని ఎప్పుడూ లాగకూడదు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు. గొయ్యి మీద వంగి తల లోపలికి పెట్టకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, అందుకే వాసన లేదు కదా అని ధైర్యపడకూడదు. హైదరాబాద్, విజయవాడల్లో అపార్ట్‌మెంట్ ఫ్లాట్లు ఉన్నవాళ్లు మీ అసోసియేషన్‌కు కూడా ఇది చెప్పండి. సెల్లార్‌లో మురుగు సంపు అడ్డుపడితే మనిషిని దింపొద్దు. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. పంప్ దించి ఎత్తడానికి గైడు పట్టాలు, గొలుసు పెట్టించుకుంటే ఎవరూ లోపలికి దిగే అవసరమే రాదు.

చివరి ప్రశ్న, అరుదుగా వాడే బాత్‌రూమ్ గురించి. నెలకోసారి షవర్, సింకు తిప్పి, టాయిలెట్ పదిసార్లు ఫ్లష్ చేయండి. ట్రాపుల్లో నీళ్లు నిలుస్తాయి, గొయ్యిలో పాత మురుగు పోయి పంప్ ఒక విడత తిరుగుతుంది. అదే పూట అలారం పరీక్ష బటన్ నొక్కి, అందులోని బ్యాటరీని ఏడాదికోసారి మార్చండి.